పడసాలలో విత్తనాలు, చేతిలో రెండు పుస్తకాలు

చదివిన ప్రతి పుస్తకం గురించీ డైరీలో ఒక పేజీ రాయడం ఉద్యోగం మొదలైన నాటి నుంచీ నాకున్న అలవాటు. పేజీ పైన ఆ రోజు ఎండో మబ్బో, గాలి ఏ దిక్కు నుంచి వీచిందో రాస్తాను. దాని కింద పుస్తకం. కథ రాయను, కథ పుస్తకంలోనే ఉంది కదా. అందులోని మనుషులు ఏమి తిన్నారో, ఏ పని చేసుకుని బతికారో రాస్తాను. యాభై పేజీలు తిరగేసినా ఎవరూ ఒక ముద్ద తినకపోతే ఆ రచయిత మీద నాకు నమ్మకం సడలుతుంది. ఆకలి లేని మనిషికి ప్రేమ మాత్రం ఎక్కడి నుంచి వస్తుంది? ఇన్నేళ్లలో ఈ కొలత నన్ను మోసం చేయలేదు.

మాది ఆంధ్రా సరిహద్దుకు ఆనుకున్న పావగడ తాలూకాలో నాగలమడికకు దగ్గరి పల్లె. మా వైపు ఇంట్లో మాట్లాడేది తెలుగు, బడిలో చదివేది కన్నడ. ఉపాధ్యాయుడిగా నేను పిల్లలకు నేర్పిందీ కన్నడ అక్షరాలే. తెలుగు అక్షరాలు మా నాయన ఇంట్లో ఇసుక పోసి దిద్దించాడు. అందువల్ల మా ఊళ్లో తెలుగు మాట్లాడని ఇల్లు లేదు గానీ, తెలుగు పుస్తకం చదవగలిగినవాళ్లు మాత్రం అరుదు. హిందూపురం పోయినప్పుడల్లా బస్టాండు దగ్గరి పాత పుస్తకాల అంగట్లో నాలుగు కొనుక్కుని వచ్చేవాణ్ని. కొన్న వరుసలోనే చదివేవాణ్ని. బాగుంటుందని ఒకటి ముందుకు లాగడం, లావుగా ఉందని ఒకటి వెనక్కి నెట్టడం నాకు చేతకాదు.

నేను చెప్పబోయేది రిటైరైన తర్వాతి వేసవి సంగతి. తొంభైల మొదట్లో మాట. మా భూమిని తమ్ముడు సాగు చేసేవాడు. అంతా వాన మీద ఆధారపడిన నేల, అంతా వేరుశనగ. విత్తే కాలం దగ్గరపడేటప్పుడు మా పడసాలలో విత్తనాలు ఒలిచే పని మొదలయ్యేది. మిషనులో ఒలిస్తే గింజ మీది ఎర్ర పొర చిట్లుతుంది, అలాంటి గింజ మొలవదు. కాబట్టి విత్తనానికి చేతితో ఒలవాల్సిందే. మధ్యాహ్నం ఎండకు బయట పని ఉండదు. ఇంటివాళ్లు, కూలికి వచ్చిన ఆడవాళ్లు గోడల వెంబడి కూర్చుని, ముందు చేటలు పెట్టుకుని, ఒక్కొక్క కాయా చిదిపి గింజలు రాల్చేవాళ్లు. ఆ పనిలో ఒకటే చిక్కు. కరువు రోజుల్లో ముందర కుప్పగా గింజలుంటే చేయి దానంతటదే నోటి దగ్గరికి పోతుంది. ఎవరినీ తప్పు పట్టలేం. అట్లాగని తినేస్తే విత్తడానికి మిగలవు.

దీనికి మందు కనిపెట్టింది మా తమ్ముడి భార్య.

"బావా, నువ్వు ఆ మూల కూర్చోని లోపల్లోపల చదువుకునేది ఈడ కూర్చోని గట్టిగా చదువు. నోళ్లు కథ మీద పడితే ఇత్తనాల మీద పడవు" అంది.

"కథ వింటే నోరు మూసుకుంటారంటావా?"

"మూసుకోరు బావా. కొట్లాడతారు. కొట్లాడేటప్పుడు నమిలేకి కాదు కదా."

ఆమె అన్నట్లే అయింది. నేను చదవడం, వాళ్లు వినడం, విన్నదాని మీద వాదులాడడం. పుస్తకం గురించి నలుగురు కూర్చుని మాట్లాడుకోవడమనే సుఖం నాకు ఉద్యోగంలో ఉన్నప్పుడు దొరకలేదు, ఆ పడసాలలో దొరికింది. పుస్తకాల తెలుగు కొంత వాళ్లకు కొరుకుడు పడేది కాదు. నేను చదువుతూనే మా మాటలోకి తిప్పుకునేవాణ్ని. ఎక్కడైనా తిప్పడం మరిచిపోతే, పక్కింటి అవ్వ వెంటనే "ఏందప్పా, రేడియో మాదిరి అయిపోయినావే" అనేది.

ఆ అవ్వ మాకు దూరపు బంధువు. ఒంటరి మనిషి, చేతులు చురుకు, నోరు ఇంకా చురుకు. మొదట చదివింది ఒక పట్నపు నవల. అందులో లెక్చరరు వాన పడుతుంటే కిటికీ దగ్గర నిలబడి కన్నీళ్లు పెట్టుకుంటాడు. నేను కొంచెం గొంతు తగ్గించి చదివాను.

"వాన పడతాంటే ఏడ్చేదేందప్పా?" అంది అవ్వ. "వాని ఇల్లు కారతాందా?"

"ఇల్లు కారడం లేదవ్వా. మనసులో బాధ."

"వాన పడతాంటే బాధ పడేటోని ఊరు యాడుండాదో కనుక్కోప్పా. ఆ వాన ఈడికి పంపించమని జాబు రాద్దాం."

ఆ నవల మరి ముందుకు సాగలేదు. నా డైరీలో దాని పేజీ చిన్నది: 'ఇందులో కాఫీ తప్ప ఏమీ లేదు.'

ఆ వేసవిలో మా ఇంట్లో ఒక పెద్ద సంగతి తేలాల్సి ఉంది. తమ్ముడు అంతకు ముందు ఏడాది వేయించిన బోరులో దుమ్ము తప్ప ఏమీ రాలేదు. అయినా ఆశ చావలేదు. నీళ్లు చూసే మనిషిని పిలిపించాడు. ఆయన అరచేతిలో టెంకాయ పడుకోబెట్టుకుని చేనంతా తిరిగితే, ఈశాన్యం మూలలో టెంకాయ లేచి నిలబడిందట. అక్కడ రాళ్లు పేర్చి గుర్తు పెట్టి వచ్చాడు. పావగడలో బోరు బండి ఏజెంటుతో మాట్లాడాడు. బండికి ఇవ్వడానికి అతని దగ్గర అమ్ముకోదగినవి ఎద్దులే మిగిలాయి. మంచి జత. దూడలుగా ఉన్నప్పటి నుంచీ మరదలి చేతి మేత తిని పెరిగినవి. ఎద్దులు పోతే మళ్లీ కొనడం ఆ రోజుల్లో మాలాంటివాళ్లకు అయ్యే పని కాదు. ఆమె వద్దంది. అతను వినలేదు. ఇద్దరూ పట్టుదల మనుషులే.

నా వరుసలో తర్వాతి పుస్తకం ఒక మెట్ట పల్లె నవల. నేను దాన్ని ఒక్కణ్నే కూర్చుని ముందే చదివేశాను. ఒకరోజు మరదలు మజ్జిగ తెచ్చి ఇస్తూ "దాంట్లో ఏముంది బావా?" అని అడిగింది. ఒక రైతు నీళ్ల కోసం బావి తవ్వుతాడు, పడదు. ఇంకొకటి తవ్వుతాడు, పడదు. గొడ్లు, చేను, పెళ్లాం చెవుల కమ్మలు అన్నీ పోతాయి అని చెప్పాను. ఆమె గ్లాసు నా చేతిలో పెట్టింది.

"రేపటి నుంచి అదే చదువు బావా."

"ఎవరినో కొట్టడానికి పుస్తకమేమన్నా కట్టెనా అమ్మా?"

"కొట్టేకి కాదు. చెవిలో వేసేకి. నా మాట ఎట్లా చెవికి ఎక్కదు."

ఎట్లాగూ వరుసలో అదే ఉంది కనుక మొదలుపెట్టాను. తమ్ముడు మామూలుగా విత్తనాల దగ్గర కూర్చునే మనిషి కాదు. ఆ కథలో బావి ఉందని తెలిసి వచ్చి స్తంభానికి ఆనుకుని కూర్చున్నాడు. తనూ ఒక చేట లాక్కున్నాడు. మొదటి బావి తవ్వకం ఆ రచయిత చాలా బాగా రాశాడు. మట్టి రంగు మారడం, తట్టలు మోసేవాళ్ల సరసాలు, పారకు తడి తగిలినట్లనిపించి అందరూ పని ఆపి లోపలికి తొంగి చూడడం. పడసాలలో చేతులన్నీ ఆగిపోయాయి.

"ఆయప్పది ఏ ఊరప్పా?" అడిగింది అవ్వ. "మన పక్కనా, ఆంధ్రానా?"

"పుస్తకంలో మనిషి అవ్వా. ఊరు కూడా కల్పించిందే."

"ఊరికే సుమ్మనే చెప్పొద్దు. ఊరు లేకుండా బాయి యాడ తవ్వుతాడు? మల్ల ఈ ఏడు వాళ్లకి వాన పడిందా లేదా, అది చెప్పు."

మా పడసాలలో ఈ సంగతి ఒక్కటి నేను ఎంత చెప్పినా తేలలేదు. జరిగింది రాసినా, కల్పించి రాసినా వాళ్లకు ఒక్కటే. పుస్తకంలోకి ఎక్కిన మనిషి ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి. అవ్వ అయితే ఆ రైతు కోసం తన చేటలోంచి ఒక పిడికెడు కాయలు పక్కకు తీసి పెట్టింది. "పాపం, ఇత్తనాలు కూడా అమ్ముకున్నాడు కదా. ఎవురన్నా అటు పోయేటోళ్లుంటే ఇచ్చి పంపు" అంది. అందరూ నవ్వినా ఆమె నవ్వలేదు. ఆ పిడికెడు కాయలు గూట్లో చాలా రోజులు ఉన్నాయి.

నవల చివరికి వచ్చింది. మూడో బావిలోనూ నీళ్లు పడలేదు. రైతు ఆ బావిలోనే జారిపడి చనిపోతాడు. అతను కన్ను మూసిన క్షణాన ఆకాశం చిల్లుపడ్డట్టు వాన. చదివి పుస్తకం మూశాను. కూలి ఆడవాళ్లలో ఒకామె కొంగుతో కళ్లు ఒత్తుకుంది. మరదలు తమ్ముడి వైపే చూస్తోంది. నేనూ చూశాను. అతను కాయ చిదిపి, గింజలు రాల్చి, పొట్టు పక్కన పడేసి తీరిగ్గా అన్నాడు.

"ఇది కుదర్లేదన్నా."

"ఏది కుదర్లేదు?"

"మూడు బాయిల్లో ఒకదాంట్లో అన్నా నాలుగు కడవలు ఊరవా? నేల అట్లుండదు. ఆయప్ప బతికినన్నాళ్లు చుక్క పడకుండా పట్టుకోని, సచ్చినాంక కుండపోతనా? ఈ రాసినాయప్ప వాణ్ని ఓడగొట్టల్లని ముందే తీర్మానం చేసుకోని కూర్చున్నాడు."

"నువ్వు చెప్పు బావా" అంది మరదలు. "ఆ మనిషి చేసింది తప్పా కాదా?"

అందరూ నా వైపు తిరిగారు. ఆమెకు ఏ జవాబు కావాలో నాకు తెలుసు. ఆ జవాబు చెబితే ఇంట్లో ఎద్దులు నిలవవచ్చని కూడా తెలుసు. కానీ నవలను నేను అంతకు ముందే చదివి పేజీ రాసి పెట్టుకున్నాను. మొదటి బావి వరకు రచయిత నేలను చూసి రాశాడనీ, అక్కడి నుంచి తన ఇష్టాన్ని చూసుకుని రాశాడనీ, చివరి వాన అబద్ధమనీ నా అభిప్రాయం. నలుగురిలో అడిగినప్పుడు ఇంకొకటి ఎట్లా చెప్పేది?

"వాడు చెప్పింది నిజమేనమ్మా. ఆ మనిషి తప్పు చేశాడో లేదో పుస్తకంలో తేలలేదు. రాసినాయన తేలనీయలేదు."

"నువ్వు ఏ పక్క బావా?"

"పుస్తకం ఎట్లుందని అడిగితే పుస్తకం పక్క."

"పుస్తకం వచ్చి మడక దున్నుతుందా రేపు?" అని చేట ఎత్తుకుని లోపలికి పోయింది.

మరుసటి రోజు మరదలు నాకిచ్చిన మజ్జిగలో ఉప్పు లేదు. మా ఇంటామె ఒక గుక్క తాగి చూసి "తీర్పు చెప్పేవాళ్లకి ఉప్పు ఎందుకులే" అంది. తమ్ముడికి మాత్రం బలం వచ్చింది. అన్న కూడా నా మాటే అన్నాడని ఊళ్లో ఇద్దరు ముగ్గురితో చెప్పుకున్నాడట. ఎద్దుల దళారిని సంత మరునాడు రమ్మన్నాడు. అయినా నేను నా మాట వెనక్కి తీసుకోలేదు. అబద్ధపు వాన కురిపించి ఒక మనిషిని ఒక పని చేయకుండా ఆపినా, నిజమైన మబ్బు కనిపించిన రోజు వాడు ఆ మాటను దులిపేసుకుంటాడు. ఈ నమ్మకం నాకు అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది.

వరుసలో తర్వాతిది ఒక ముసలామె జ్ఞాపకాల పుస్తకం. ఆమె చెబుతుంటే ఎవరో రాసి అచ్చు వేయించినది. పలుచటి పుస్తకం, అట్ట చిరిగిపోయింది. ఇది నేను ముందు చదవలేదు. మూడోవంతు వరకు పెద్ద సంగతులేమీ లేవు. ఏ ఆకు ఏ పప్పులో వేస్తే బాగుంటుంది, అత్త ఎట్లా తిట్టేది, గొర్రెలు ఏ గడ్డి తిని కడుపుబ్బరం తెచ్చుకున్నాయి. పడసాలకు పండగైంది. అత్త తిట్లను నా చేత రెండుసార్లు చదివించుకున్నారు. రెండో పేజీలోనే రాగిముద్ద, చింతాకు పప్పు కనిపించడంతో నాకూ ఆమె మీద గురి కుదిరింది.

సంతకు ముందు రోజు మధ్యాహ్నం చదువుతున్నాను. ఆమె భర్త ఎద్దులు అమ్మి బావి తవ్వించిన సంగతి వచ్చింది. పుస్తకంలో అది ఉందని నాకు తెలియదు. మరదలు తలెత్తలేదు. తమ్ముడు నవ్వాడు. "ఇంగ చూడు, ఈయమ్మ కూడా ఎండబెడ్తుంది బాయిని."

ఆమె ఎండబెట్టలేదు. బావిలో నీళ్లు పడ్డాయని రాసింది. తియ్యటి నీళ్లని, ఊరంతా వచ్చి తాగిపోయారని రాసింది. బావి కింద కొద్దిపాటి మడి పచ్చబడింది. మిగిలిన చేనంతా వానదే. వాన వచ్చింది, విత్తనం వేసేంత తడితో నేల పదునైంది. ఊళ్లోని మడకలన్నీ ఒకే పొద్దున కట్టారు. ఈమె విత్తనాల మూట నడుముకు కట్టుకుని, ఎద్దులున్న ఒక్కొక్క చేను గట్టు మీదా నిలబడి అడిగింది. అందరూ మంచివాళ్లే. మాది అయిపోగానే తోలుకొస్తామన్నారు. వాళ్లది అయ్యేటప్పటికి పడమటి గాలి తిరిగి పదును ఆరిపోయింది. ఆ ఏడు ఆమె చేను బీడు. ఇది చెప్పి ఊరుకుని, తర్వాతి వాక్యంలోనే పెద్దకూతురికి పొంగు పోసిన సంగతిలోకి పోయింది. ఏడవలేదు, ఎవరినీ ఏడిపించలేదు.

"ఆ ముక్క మళ్లీ చదువన్నా" అన్నాడు తమ్ముడు.

మళ్లీ చదివాను.

"బాయిలో నీళ్లు పడినాయి కదా?"

"పడినాయి. రాసింది కదా."

"పడినాయి" అన్నాడు తనలో తాను. కాయ ఒకటి చేతిలో పట్టుకుని చిదపకుండా అట్లాగే చూస్తున్నాడు. నవల మీద ఎంత మాట్లాడాడో, దీని మీద ఒక్క మాట మాట్లాడలేదు. అవ్వ మాత్రం ఉండబట్టలేక "గట్టు మీద నిలబడి అడిగేది నాకు తెలుసప్పా" అని, మళ్లీ చేటలోకి చూసుకుంది. అవ్వకు ఎద్దులు లేక చాలా ఏళ్లయింది. ప్రతి ఏడూ ఆమె చిన్న తుండు చేనును అందరి తర్వాత విత్తేది మేమే.

మరునాడు కాక ఆ మర్నాడు పొద్దున్నే దళారి వచ్చాడు. ఎద్దుల పళ్లు చూశాడు, వీపు మీద చరిచాడు, తువ్వాలు తీసి తమ్ముడి చేతి మీద కప్పబోయాడు. బేరం మా వైపు తువ్వాలు కింద వేళ్లు పట్టుకునే జరుగుతుంది. తమ్ముడు చేయి ఇవ్వలేదు.

"ఇప్పుడు కాదులే. ఇత్తేది కానీ."

"ఇత్తేది అయినాంక రేటు ఇట్లుండదప్పా. ఎండు గడ్డి లేక ఊరూరూ అమ్ముకుంటాండారు. ఆలోచన చేయి."

"చేసినా. కాఫీ తాగి పో."

మరదలు కాఫీ తెచ్చి ఇచ్చింది. ఆమె ముఖంలో ఏమీ కనబడనీయలేదు. అయితే ఆ రోజు నా మజ్జిగలో ఉప్పూ ఉంది, కరివేపాకూ ఉంది.

బోరు బండి మా చేనుకు రాకుండా మా గట్టు అవతలి రైతు చేనుకు పోయింది. వాళ్లకు నీళ్లు పడ్డాయి. ఎక్కువ కాదు గానీ పడ్డాయి. బండి చప్పుడు విని తమ్ముడు పోయి చూసివచ్చి నా ముందు నిలబడ్డాడు.

"చూస్తివా అన్నా, నవల రాసినాయప్ప అబద్ధం చెప్పినాడని నేను చెప్పలే?"

"చెప్పినావు. నేనూ చెప్పాను."

"నేను బోరు వేయించింటే?"

"పడి ఉండొచ్చు. లేకపోవచ్చు."

ఎద్దులు నిలబెట్టుకున్నందుకు అతను ఆ రోజు చింతించాడో లేదో నేను అడగలేదు. ఒక పుస్తకం మంచిదా చెడ్డదా అనేది పక్క చేనులో నీళ్లు పడటంతో తేలదు. ముసలామె తన చేనులో జరిగిందే చెప్పింది. ఎవరికీ సలహా ఇవ్వలేదు. ఆ రాత మీద నాకు గురి అందుకే.

వాన ఆలస్యంగా వచ్చింది. ఒక సాయంత్రం కురిసి తెరిపి ఇచ్చింది. మరునాడు పొద్దున తమ్ముడు గొర్రు కట్టాడు. మరదలు వెనక నడుస్తూ గింజలు వదులుతోంది. పడసాలలో కథలు వింటూ ఒలిచిన ఆ గింజలే. నేను గట్టు మీద కూర్చుని ఉన్నాను. చుట్టుపక్కల ఎన్ని చేలలో ఎద్దులు కదులుతున్నాయో అన్ని చేలలో మనుషుల కేకలు. ఒకటి రెండు గట్ల మీద మూటలు పట్టుకుని నిలబడ్డవాళ్లూ ఉన్నారు. వాళ్లలో అవ్వ కూడా ఉంది.

చేను చివర చాలు మలుపు తిప్పుతూ తమ్ముడు ఎద్దులను ఆపి అక్కడి నుంచే కేక వేశాడు.

"అన్నా! ఆయమ్మకి ఆ పొద్దు ఎద్దులుండింటే, పదనులో ఇత్తింటే, ఆ పుస్తకం రాసేదే కాదేమో కదా?"

నేను ఆలోచించుకోవాల్సిన పనిలేని ప్రశ్న అది. రెండో పేజీలోని రాగిముద్ద, అత్త తిట్లు, గొర్రెలు, చింతాకు పప్పు, ఇవన్నీ ఎక్కడికి పోతాయి?

"రాసేదే!" అన్నాను. "ఒక పేజీ తక్కువ రాసేది."

"ఏ పేజీ?" అన్నాడు నవ్వుతూ. ఏ పేజీనో అతనికి తెలుసు.

మరదలు నడుముకున్న విత్తనాల ఒడి సర్దుకుని, గట్టు మీది అవ్వ వైపు ఒకసారి, మొగుడి వైపు ఒకసారి చూసింది.

"మాటలు మధ్యాన్నం మాట్లాడుకోండప్పా. పదును ఆరతాంది. మనదయినాంక ఈ జత అవ్వ చేనికి పోవల్ల."

తమ్ముడు ఎద్దులను అదిలించాడు.